గీత జరిగిన మేర

కన్యారాశిలో ఖతార్-2 అనే నక్షత్రం ఉంది. సూర్యుడి కన్నా చిన్నది, చల్లనిది. మనకు ఉజ్జాయింపుగా 600 కాంతి సంవత్సరాల దూరం. దోహా వీధిదీపాల కింద సరే, ఊరికి దూరంగా ఖర్రారా ఎడారి చీకట్లో నిలబడినా అది కంటికి ఆనదు. పెద్ద టెలిస్కోపుల్లోనూ అది ఒక చుక్కే. అయినా ఆ చుక్క ముఖాన మచ్చలున్నాయని, అది తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 18 రోజులు పడుతుందని, దాని నడిమి పట్టీలో వాయువు సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో సాగుతోందని ఖగోళ శాస్త్రవేత్తలు ధీమాగా చెబుతున్నారు.

ఖతార్ ఫౌండేషన్ అండతో ఖాలిద్ అల్ సుబాయ్ మొదలుపెట్టిన గ్రహాల వేటలో దొరికిన నక్షత్రమిది. కెమెరాలను అమెరికాలోని న్యూ మెక్సికోలో పెట్టారు. తమ ముందు నుంచి గ్రహం దాటినప్పుడు వెలుగు కొద్దిగా తగ్గే నక్షత్రాలను ఆ కెమెరాలు రాత్రుల తరబడి గాలించాయి. 2010 డిసెంబరులో ఖతార్-1 చుట్టూ ఒక గ్రహం ఉన్నట్టు ప్రకటించారు. ఆ తర్వాత ఏడాదికి ఖతార్-2 వంతు వచ్చింది. కానీ వెలుగు తగ్గినంత మాత్రాన గ్రహం ఉన్నట్టు కాదు, మరో మసక నక్షత్రం అడ్డొచ్చినా అలాగే తగ్గుతుంది. తేల్చి చెప్పింది అరిజోనాలోని మౌంట్ హాప్కిన్స్ మీద తీసిన వర్ణపటాలు. నక్షత్రం ముందుకూ వెనక్కూ ఊగుతుంటే వర్ణపటంలోని నల్ల గీతలు అటూ ఇటూ జరిగాయి. ఆ జరుగుడును బట్టే గ్రహం బరువు కట్టారు.

గీతలు జరగడాన్ని బట్టి కంటికి కనిపించని కదలికను కొలిచే ఈ విద్యకు దక్షిణాదిలో లోతైన వేళ్లున్నాయి. సూర్యమచ్చల్లో వాయువు ఎటు ప్రవహిస్తుందో మొదటిసారి తేలింది పళని కొండల్లోని కొడైకెనాల్‌లో. అంతకు నలభై ఏళ్ల ముందే, వర్ణపటంతో సూర్యుణ్ణి చదవడంలో ఒక పెద్ద మలుపు గుంటూరులో తిరిగింది.

ముందు గీత సంగతి. సూర్యకాంతిని సన్నని చీలిక గుండా పంపి, సన్నని గాట్లు పెట్టిన గ్రేటింగ్ అద్దం మీద పడేస్తే కాంతి రంగులుగా విప్పారుతుంది. ఆ రంగుల పట్టీకి అడ్డంగా వేల నల్ల గీతలుంటాయి. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ వాటిని శ్రద్ధగా గుర్తించాడు. 1859లో కిర్ఖాఫ్, బున్సెన్ వాటి అర్థం విప్పారు. ప్రతి మూలకమూ తనకంటూ ఉన్న కొన్ని రంగులనే మింగుతుంది కాబట్టి, ప్రతి గీత వెనకా ఒక ఆవిరి ఉంటుంది. కదలకుండా ఉన్న ఇనుప ఆవిరి ఒక గీతను ఎప్పుడూ ఒకే చోట గీస్తుంది. ఆ ఆవిరి మనవైపు వస్తుంటే కాంతి అలలు దగ్గరపడి గీత నీలం వైపు జరుగుతుంది, మన నుంచి దూరమవుతుంటే అలలు సాగి ఎరుపు వైపు జరుగుతుంది. 1842లో డాప్లర్ అలల సంగతి చెప్పాడు. 1848లో ఫిజో దాన్ని గీతలకు వర్తింపజేశాడు. లెక్క సులువు: వాయువు వేగం కాంతి వేగంలో ఎన్నో వంతో, గీత తన తరంగదైర్ఘ్యంలో అన్నో వంతు జరుగుతుంది. సెకనుకు 2 కిలోమీటర్ల వేగమంటే కాంతి వేగంలో లక్షన్నరో వంతు. ఎరుపు రంగులో 6302 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉన్న ఇనుము గీత ఆ వేగానికి కేవలం 0.042 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటేనే మీటరులో వెయ్యి కోట్లో వంతు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ తెలుగు నేల మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శిని పెట్టుకున్నాడు. బ్రిటిష్ సైన్యాధికారి టెనంట్ బృందమూ అక్కడే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. చంద్రుడి అంచున లేచిన ఎర్రటి జ్వాలలు వర్ణపటంలో మెరిసే గీతలుగా కనిపించేసరికి, అవి వేడి వాయువులని తేలిపోయింది. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయని జాన్సెన్‌కు అక్కడికక్కడే తోచింది. మర్నాడు గుంటూరు ఎండలోనే వాటిని చూశాడు. అదే అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ తనంతట తాను అదే పద్ధతి కనిపెట్టాడు. భూమ్మీది ఏ మూలకానికీ పొసగని పసుపు గీత ఒకటి ఆ జ్వాలల్లో కనబడింది. అదే తర్వాత హీలియం అయింది. ఇక సూర్యుణ్ణి చదవడానికి గ్రహణం కోసం ఎదురుచూడనక్కర్లేదు, రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టవచ్చు.

ఆ రోజువారీ పనికి కొండ మీద ఒక ఇల్లు కట్టించింది మాత్రం కరువు. రాయలసీమలో ధాత కరువుగా జనం చెప్పుకున్న 1876-78 నాటి క్షామం కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. సూర్యుడి మీది మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తరుగుతుంటాయని అప్పటికే తెలుసు. మచ్చలు తగ్గిన ఏళ్లలోనే వానలూ తగ్గుతున్నాయని లాకియర్, ప్రభుత్వ గణాంకాధికారి హంటర్ 1877లో వాదించారు. సూర్యుణ్ణి రోజూ గమనిస్తే కరువును ముందే పసిగట్టవచ్చన్న ఆశ ప్రభుత్వంలోనూ మొలకెత్తింది. మద్రాసు అబ్జర్వేటరీ సూర్యపరిశీలన 1899లో కొడైకెనాల్‌కు, సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తుకు, తరలింది. వానకూ మచ్చకూ వాళ్లు ఆశించినంత గట్టి ముడి దొరకలేదు. ఆ ఆశతో కట్టిన అబ్జర్వేటరీ మాత్రం వందేళ్లు పైబడి సూర్యుణ్ణి రోజూ ఫోటో తీస్తూనే ఉంది. ఆకలి నుంచి పుట్టిన సంస్థ అన్న సంగతి దాని చరిత్రలో ఒక్క వాక్యంతో దాటేయదగ్గది కాదని నా నమ్మకం.

ఎత్తు ఎందుకంటారా? 2019 డిసెంబరు 26 ఉదయం ఖతార్ తీరంలోని అల్ వక్రాలో తీసిన ఒక ఫోటో ప్రపంచమంతా తిరిగింది. గ్రహణం పట్టిన సూర్యుడు సముద్రం మీద రెండు ఎర్రటి కొమ్ములుగా లేస్తున్న చిత్రమది. తీసినవాడు గ్రీకు ఔత్సాహికుడు ఇలియాస్ ఖసియోటిస్. నీటికి ఆనుకున్న గాలి పొరల్లో వేడి తేడాల వల్ల కాంతి వంగి కొమ్ముల కింద ఎండమావి కూడా ఏర్పడింది. చిత్రానికి అందం తెచ్చిన ఆ గాలే కొలిచేవాడికి శత్రువు. మచ్చలోని సన్నని వివరాలు వణికే గాలిలో కలగాపులగమైపోతాయి. (ఆ ఉదయం ఖతార్‌ను దాటిన వలయాకార గ్రహణమే తర్వాత కోయంబత్తూరు, దిండిగల్ మీదుగా వెళ్లింది.) కొండ మీద, వాన వెలిసిన ఉదయాల్లో, గాలి కాసేపు నిశ్చలంగా ఉంటుంది. ఆ కాసేపే పని.

జాన్ ఎవర్‌షెడ్ 1907లో కొడైకెనాల్ చేరాడు. అప్పటిదాకా ఆయన లండనులో ఒక రసాయన కంపెనీ ఉద్యోగి. సూర్యపరిశీలన సొంత ఖర్చుతో చేసుకున్న అభిరుచి. గ్రహణాల వెంట దేశాలు తిరిగాడు, 1898లో గ్రహణం కోసం మన దేశానికీ వచ్చాడు. భార్య మేరీ కూడా ఖగోళ పరిశోధకురాలే, డాంటే కావ్యంలోని ఖగోళ విజ్ఞానం మీద పుస్తకం రాసింది. కొడైకెనాల్‌లో ఎవర్‌షెడ్ మంచి గ్రేటింగ్‌తో శక్తిమంతమైన స్పెక్ట్రోగ్రాఫ్ నిర్మించుకున్నాడు. అంతలో అమెరికా నుంచి పెద్ద వార్త వచ్చింది. 1908లో మౌంట్ విల్సన్‌లో జార్జ్ హేల్ మచ్చల చుట్టూ సుడిలాంటి ఆకారాలు చూశాడు, మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందనీ నిరూపించాడు. మచ్చ అంటే తుపానులా గిరగిరా తిరిగే సుడి అన్న ఊహకు బలం చేకూరింది.

1909 జనవరి 5న గాలి చక్కగా నిలిచింది. బింబం మీద పెద్ద మచ్చలున్నాయి. పెద్ద మచ్చకు నడుమ నల్లటి ప్రచ్ఛాయ, దాని చుట్టూ పూలరేకుల్లా విరిసిన సన్నని పోగుల అంచు, అంటే ఉపచ్ఛాయ, ఉంటాయి. ఎవర్‌షెడ్ చీలికను మచ్చ మీదుగా ఉంచి తీసిన ఫోటో పలకల్లో, ఉపచ్ఛాయ వచ్చిన చోట ఇనుము గీతలు మగ్గం మీద బిగువు తప్పిన పోగులా ఏటవాలుగా వంగాయి. సూర్యబింబం నడిమికి దగ్గరగా ఉన్న అంచులో నీలం వైపు, బింబం అంచుకు దగ్గరగా ఉన్న వైపు ఎరుపు వైపు.

ఇక్కడ కాస్త నిదానించాలి. సుడిని వెతికేవాడికి వాలిన గీత కనబడితే సుడి దొరికిందని సంబరపడటం సహజం. ఎవర్‌షెడ్ చీలికను తిప్పి చూశాడు. బింబం కేంద్రం నుంచి మచ్చ గుండా అంచు వైపు ఒక రేఖ గీశామనుకోండి. వాయువు మచ్చ చుట్టూ సుడి తిరుగుతుంటే, ఆ రేఖ వెంట ఉన్న రెండు కొసల్లో అది మన చూపుకు అడ్డంగా పోతుంది. మనవైపు రాదు, మన నుంచి పోదు, కాబట్టి గీత జరగకూడదు. ఆ రేఖకు లంబంగా చీలిక పెట్టినప్పుడు మాత్రం ఒక కొసలో వాయువు మనవైపు వస్తుంది, రెండో కొసలో వెళుతుంది, గీత వాలాలి. పలకలు సరిగ్గా దీనికి తలకిందులుగా చెప్పాయి. రేఖ వెంట వాలు ఉంది, లంబంగా లేదు. మచ్చ బింబం నట్టనడుమకు వచ్చిన రోజు అసలు ఏ వైపూ లేదు. ఈ మూడింటికీ పొసగే చలనం ఒక్కటే ఉంది: వాయువు మచ్చ లోపలి నుంచి బయటికి, అన్ని దిక్కులకూ, సూర్యుడి ఉపరితలానికి సమాంతరంగా పారుతోంది. వేగం సెకనుకు సుమారు 2 కిలోమీటర్లు. ఆ ఏడాదే ప్రకటించాడు. ఇవాళ ప్రతి సౌరభౌతిక పాఠ్యపుస్తకంలోనూ దాని పేరు ఎవర్‌షెడ్ ప్రభావం. ఎదురుచూసినదానికి భిన్నంగా వచ్చిన ఫలితాన్ని మూడు కోణాల నుంచి అడిగి, మూడుసార్లూ అది చెప్పిందే రాసుకున్న ఆ ఓర్పు మీద నాకు అపారమైన గౌరవం.

వాలు కంటికి కనబడితే చాలదు, కొలవాలి. సూక్ష్మదర్శినిలో గీత మీద అడ్డతీగను నిలిపి అంకె చదవడం పాత పద్ధతి. మసక అంచులున్న గీతకు నడుమ ఎక్కడో నిర్ణయించేది కన్ను, కన్ను తనకు తెలియకుండానే పక్షపాతం చూపుతుంది. ఎవర్‌షెడ్ దీనికి వేరే ఉపాయం పన్నాడు. గాజు నెగెటివ్ నుంచి పాజిటివ్ ప్రతి తీసి, కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి నెగెటివ్ మీద ఆనించేవాడు. ఒకదాంట్లో తెల్లగా ఉన్న గీత రెండోదాంట్లో నల్లగా ఉంటుంది కనుక, రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే రెండూ మాయమై ఆ చోటు సమమైన బూడిద రంగుకు వస్తుంది. తిప్పి పెట్టినందువల్ల జరుగుడు రెట్టింపై కనిపిస్తుంది. నడుమ ఎక్కడో ఊహించే పని తప్పి, గీత మాయమైందా లేదా అని చూడటమే మిగులుతుంది.

అయితే ఈ విద్యలో అసలు కష్టం వేరు. గీత ఎంత జరిగిందో చెప్పాలంటే ఎక్కడి నుంచి జరిగిందో తెలియాలి. కదలిక ఏమీ లేకపోతే గీత ఉండాల్సిన చోటు, అంటే సున్నా, ఎక్కడ? భూమి తిరుగుతూ ఉదయం పూట మనల్ని సూర్యుడి వైపు మోసుకుపోతుంది. భూమి కక్ష్య పూర్తి వృత్తం కానందువల్ల మరికొంత వేగం కలుస్తుంది. సూర్యుడు తిరుగుతున్నందువల్ల మధ్యరేఖ దగ్గర ఒక అంచు మనవైపు, రెండో అంచు అటువైపు సెకనుకు 2 కిలోమీటర్లతో కదులుతుంటాయి. వెతుకుతున్న ప్రవాహమూ అంతే! సూర్యుడి గురుత్వం కాంతిని ఎరుపు వైపు లాగుతుంది, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం అది సెకనుకు 0.63 కిలోమీటర్ల వేగానికి సమానం. ఎవర్‌షెడ్ తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి దాన్ని కొలిచే ప్రయత్నమూ చేశాడు. ఉపరితలం మీద ఉడుకుతూ పైకి లేచే వేడి వాయువు ప్రకాశవంతం కాబట్టి, సగటున గీతలన్నీ కొద్దిగా నీలం వైపు ఒరుగుతాయి. వీటన్నిటినీ తీసేశాక మిగిలిందే మచ్చలోని ప్రవాహం.

సున్నాను పట్టుకోవడానికి ఈ రంగంలోవాళ్లు వాడే ఉపాయాలు చాలా చక్కనివి. 6302 దగ్గరి ఇనుము గీత పక్కనే రెండు సన్నని గీతలుంటాయి. అవి సూర్యుడివి కావు, మన గాలిలోని ఆక్సిజన్ గీసినవి. సూర్యుడిలో ఏం జరిగినా వాటికి సంబంధం లేదు, కాబట్టి ప్రతి వర్ణపటంలోనూ అవి నాటిన హద్దురాళ్లు. మరొకటి, అయస్కాంత క్షేత్రం గీతలను చీలుస్తుంది. మచ్చలో క్షేత్రం 2,000 నుంచి 3,000 గాస్‌ల దాకా ఉంటుంది కాబట్టి, చీలిన గీత జరిగిందో, ఉబ్బిందో తేల్చడం కష్టం. అయితే ఇనుముకు అయస్కాంతాన్ని అసలు పట్టించుకోని గీతలు కొన్ని ఉన్నాయి: 5434, 5576, 7090 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. వేగం కోసమే చూసేవాళ్లు వాటినే ఎంచుకుంటారు. చివరికి మచ్చ నడిమి ప్రచ్ఛాయ కూడా పనికొస్తుంది. బలమైన క్షేత్రం అక్కడ వాయువును దాదాపు కట్టి పడేస్తుంది గనుక, చాలామంది ఆ చీకటి భాగాన్నే సున్నాగా తీసుకుంటారు.

ఎవర్‌షెడ్ తర్వాత మౌంట్ విల్సన్‌లో చార్లెస్ సెయింట్ జాన్ గీతలన్నిటినీ వడపోసి 1913లో మరో వింత చూపించాడు. బలహీనమైన గీతలు, అంటే ఉపరితలానికి దగ్గరి పొరల్లో పుట్టేవి, బయటికి పారే ప్రవాహాన్ని చూపుతాయి. బలమైన గీతలు పైపొరల్లో పుడతాయి. అక్కడ ప్రవాహం తిరగబడి, పైనున్న వర్ణమండలంలో వాయువు మచ్చ లోపలికే వస్తోంది. ఏ గీత ఏ ఎత్తున పుడుతుందో తెలిస్తే, ఒకే వర్ణపటం సూర్యుడి గాలిని పొరలు పొరలుగా విప్పి చూపిస్తుందన్నమాట.

వాయువును బయటికి తోసేది ఏమిటన్న ప్రశ్న మాత్రం వందేళ్లు నలిగింది. వంపు తిరిగిన అయస్కాంత గొట్టాల రెండు కొసల్లో పీడనం తేడా వల్ల వాయువు పారుతుందని 1968లో మేయర్, ష్మిట్ ప్రతిపాదించారు. ఉపచ్ఛాయలోని పోగులు కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పే ఉంటాయి. వాటిని విడివిడిగా చూడగల పరికరాలు వచ్చాకే చిక్కు విప్పుకుంది. లా పాల్మా దీవిలోని స్వీడిష్ టెలిస్కోపు, 2006లో జపాన్ ప్రయోగించిన హినోడే ఉపగ్రహం ఆ పని చేశాయి. పోగుల్లో వేగం సగటు కన్నా చాలా ఎక్కువని తేలింది. లోపలి కొసలో వేడి వాయువు పైకి లేచి, దాదాపు అడ్డంగా వాలిన క్షేత్రం వెంట బయటికి పరిగెత్తి, చల్లబడి పక్కలకూ బయటి కొసకూ దిగిపోతుంది. అలా దిగే ధారలను 2011లో షార్మర్ బృందం నేరుగా కొలిచింది. అయస్కాంతం వంచిన మరుగుడే ఎవర్‌షెడ్ ప్రవాహమని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఉపచ్ఛాయ అంత వెలుగుగా ఎందుకుందో కూడా దీంతోనే బోధపడింది, కింది వేడిని పైకి మోసుకొచ్చేది ఆ వాయువే.

ఖతార్-2 మీద చీలిక పెట్టడానికి బింబమే కనబడదు. అక్కడ చీలిక పని గ్రహం చేస్తుంది. 1.34 రోజులకొకసారి గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటుతూ దాని కాంతిలో నూటికి సుమారు మూడు వంతులు కప్పేస్తుంది. ముందు మనవైపు వచ్చే సగంలో కొంత కప్పితే గీత ఎరుపు వైపు జరిగినట్టుంటుంది, తర్వాత అటువైపు పోయే సగాన్ని కప్పితే నీలం వైపు. ఈ ఊగుడును లా పాల్మాలోని హార్ప్స్-ఎన్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో కొలిచి, నక్షత్రం తిరిగే దిశలోనే గ్రహమూ తిరుగుతోందని తేల్చారు. 2015లో కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు ఆ నక్షత్రాన్ని వారాల తరబడి ఆగకుండా చూసినప్పుడు, గ్రహం మచ్చ మీదుగా దాటిన ప్రతిసారీ వెలుగు కాస్త పెరిగింది. కప్పుకుపోయింది నల్లటి చోటు కాబట్టి. అదే మచ్చ తర్వాతి దాటింపుల్లో కొద్దికొద్దిగా జరిగి మళ్లీ మళ్లీ దొరికింది. రెండు దారుల్లో ఒకే జవాబు వచ్చింది: గ్రహం, నక్షత్రం తిరిగేది ఒకే దిశలో.

సున్నా పాఠం ఈ నక్షత్రమూ నేర్పింది. మొదటి పరిశోధనా పత్రంలో ఖతార్-2కు రెండో, మరింత బరువైన తోడు కూడా ఉందని రాశారు. గీతలు నెలల మీద నిదానంగా ఒక వైపు జరుగుతూ పోవడమే ఆధారం. తర్వాత సరిచూసుకుంటే, భూమి కదలికను తీసేసే దిద్దుబాటులో లోపం దొర్లిందని తేలింది. ఆ పరిశోధకులే ఆ తోడును ఉపసంహరించుకుంటూ సవరణ ప్రచురించారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గ్రహం ఆ నక్షత్రాన్ని ఊపేది అర కిలోమీటరు చిల్లర. మన కదలికను నిక్కచ్చిగా తీసేయకపోతే లేని లోకాలు పుట్టుకొస్తాయి. తమ కొలతను తామే దిద్దుకున్న ఆ చిన్న సవరణను, గ్రహం దొరికిందన్న ప్రకటనతో సమానంగా పాఠాల్లో చెప్పాలని నాకనిపిస్తుంది.

కొడైకెనాల్ వారసత్వం బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ చేతిలో ఉంది. హైదరాబాదులో చదువుకున్న వేణు బప్పు 1960లో కొడైకెనాల్ పగ్గాలు పట్టి, 1971లో దాన్ని స్వతంత్ర సంస్థగా నిలబెట్టాడు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచిన ఆదిత్య-ఎల్1లో ఆ సంస్థ తయారుచేసిన పరికరం ఉంది. అది సూర్యుడి కిరీటం (కరోనా)లోని ఇనుము ఆకుపచ్చ గీత, 5303 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, ఎటు జరుగుతుందో చూస్తుంది.

దోహాలో చదువుకునే పిల్లలకూ ఇది అందని పని కాదు. ఫ్రెంచి ఔత్సాహికుడు క్రిస్టియన్ బ్యూయిల్ రూపొందించిన సోలెక్స్ అనే చిన్న స్పెక్ట్రోగ్రాఫ్ భాగాలను త్రీడీ ప్రింటర్ మీద ముద్రించుకోవచ్చు. చిన్న టెలిస్కోపు, తగిన సౌర ఫిల్టరు, ఒక కెమెరా చాలు. కన్ను మాత్రం ఎప్పుడూ టెలిస్కోపుకు ఆనించకూడదు. మొదట మచ్చల జోలికి పోవద్దు. సూర్యుడి తూర్పు, పడమర అంచుల గీతలను పోల్చాలి. వాటి మధ్య సెకనుకు 4 కిలోమీటర్ల తేడా ఉంటుంది, కెమెరా పిక్సెల్ లెక్కన చాలా చిన్నదే, కానీ వందల వరుసల సగటు తీస్తే బయటపడుతుంది. అది వచ్చాక బింబం నడుమకూ అంచుకూ మధ్య ఉన్న పెద్ద మచ్చ కోసం ఆగి, చీలికను రేఖ వెంట ఒకసారి, లంబంగా ఒకసారి పెట్టి చిత్రాలు తీయాలి. అదే మచ్చ నట్టనడుమకు వచ్చిన రోజు తీసిన చిత్రాన్నీ తప్పక దాచుకోవాలి. ఆ రోజు గీత నిటారుగా నిలిస్తేనే మిగతా రోజుల వాలుకు అంకె వేయవచ్చు.